తప్పు శ్రుతి

జులై 28, ఆదివారం

గిటారు కొన్నాను.

నేను కోరాపుట్ వెళ్లింది పరామర్శకు. ప్రభుదాన్ మాస్టరు పోయి ఆరు వారాలైంది. సంఘం గొడవల్లో పడి ఇన్నాళ్లూ వెళ్లలేకపోయాను. తొంభై ఆరు సమ్మెలో నేను రాసిన ఏడు పాటలకు బాణీలు కట్టింది ఆయనే. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే మనిషి మా శిబిరంలో చాప మీద కూర్చుని మాకూ నేర్పాడు. "బాణీ లేకపోతే నీ పాట కరపత్రంలా ఉంటుంది శంకర్‌బాబూ" అన్నాడొకసారి. కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

ఇంట్లో మాస్టరమ్మ ఒక్కతే ఉంది. కూతురు స్మిత లక్ష్మీపూర్ హైస్కూల్లో టీచరు. ఏదో ట్రైనింగని భువనేశ్వర్ వెళ్లిందట.

గిటారు కలకత్తా సరుకు. రంధ్రంలోంచి చూస్తే లోపల లాల్‌బజార్ చిరునామా ఉన్న కాగితం, 1974. దుకాణం పేరు పురుగు తినేసింది. పైచెక్క ప్లైవుడ్డే. యాభై ఏళ్లలో బెల్లం రంగుకొచ్చింది. మెడ కాస్త వంగింది. పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద చిటికెనవేలు దూరుతుంది. మొదటి మూడు మెట్ల మధ్య చెక్క గుంటలు పడింది. పట్నాల్లో ఇలాంటివి షోకేసుల్లో పెట్టుకుని వింటేజ్ అంటారు. నేను వాయిస్తాను.

మూడు వేలు. ఆవిడ చేతిలో పెట్టాను, తీసుకుంది. కొనడమంటే అదే.

రాయగడ బస్సులో మోకాళ్ల మధ్య పెట్టుకుని లక్ష్మీపూర్ ఘాటీ అంతా మెల్లగా మీటుతూ వచ్చాను. తీగలన్నీ తప్పు. ముసలాయనకి చివర్లో చెవి పోయినట్టుంది.

జులై 30

పాత తీగలు పారేశాను, తుప్పు పట్టాయి. మూడోది అసలు గిటారు తీగే కాదు, ఇంకేదో ఇనప తీగ. కొత్త సెట్టు వేసి శ్రుతి సరిచేశాను. ఇప్పుడు గిటారులా ఉంది.

ఆఫీసు నుంచి రాగానే గంటసేపు వాయించాను. వేళ్ల కొసలు కాలినట్టున్నాయి. పద్మకుమారి వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏటి, ఇవాళ ఎవుల్నీ తిట్టట్లేదేటి?"

"కనిపించట్లేదా? వాయిస్తున్నాను."

"అదే అంతన్నాను. సేతులు రెండూ కాళీ నేకపోతే నోటికీ కాళీ ఉండదు కావాల. ముప్పయ్యేళ్ల కిందట తెలిస్తే పెళ్లికి మా నాన్ననే ఒకటి కొనమందును."

పడుకునే ముందు బీపీ చూసింది. నూట ముప్పై ఎనిమిది. మిషను పాడైందని మళ్లీ చూసింది. అంతే ఉంది.

ఆగస్టు 3

వాయించాను. ఎవరికీ ఉత్తరం రాయలేదు.

ఆగస్టు 11, ఆదివారం

అప్పలనరసింహం వచ్చాడు. మున్సిపాలిటీ చెత్త ట్రాక్టరు మీద పని. ఇరవయ్యేళ్లుగా నాతో పారిశుధ్య కార్మికుల సంఘంలో ఉన్నవాడు. జూన్‌లో నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేసిన మీటింగులో చెయ్యెత్తినవాడు. కూర్చోమనలేదు, కూర్చున్నాడు.

"సెయ్యెత్తేను, అబద్ధమాడను. ఒక్కటి సెప్పన్నా. గున్నయ్య నెగిసి 'మాకు సబ్బులివ్వట్లేదు' అన్నాడు. నువ్వు అర్జీలో ఏటి రాసేవు?"

"వృత్తిపరమైన ఆరోగ్య భద్రత కొరవడిందని రాశాను."

"సబ్బేది?"

"అందులోనే ఉంది."

"నేదన్నా. ఆఫీసరు సదివేడు, హెల్తు క్యాంపు పెట్టేడు. అందరికీ బీపీలు సూసేరు. గున్నయ్యకి షుగరుందని తేలింది. సబ్బు ఇంకా రానేదు."

నవ్వుతున్నాడు. నవ్వు రాలేదు నాకు. సబ్బు అడిగితే సబ్బు ఇచ్చి పంపేస్తారు, హక్కు అడగాలి అని అరగంట చెప్పాను. వింటూ గిటారు వైపు చూస్తున్నాడు.

"మేం ఏటన్నా దిద్దీసి రాస్తావు. సంతకం ఎట్టినాక సూసుకుంటే మా మాట ఒక్కటీ ఉండదు. ఇంక, ఒక పాట వాయించు, ఎల్తాను."

వాయించాను. బాగుందన్నాడు. మాస్టరు వాయించినట్టు లేదని కూడా అన్నాడు. వాడికేం తెలుసు. చివరి రోజుల్లో ఓసారి కోరాపుట్‌లో విన్నాడట.

ఆగస్టు 19

ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను. ఎత్తలేదు.

తెలియని నంబరు కాదు. స్మిత అని పడింది.

ఆగస్టు 20

మళ్లీ చేసింది. ఎత్తాను. ఒడియాలో మాట్లాడింది, చాలా మర్యాదగా. మర్యాదగా మాట్లాడేవాళ్లతో వాదించడం నాకు చేతకాదు.

"అంకుల్, నాన్న గిటారు మీ దగ్గరుందంది అమ్మ. కిందకి దించుతూ పట్టుకోమని ఇచ్చిందట. ఇంట్లోకెళ్లి వచ్చేసరికి మీరు లేరట. బాగుచేయించడానికి తీసుకెళ్లుంటారు అంటోంది."

"నేను కొన్నానమ్మా."

ఆమె వెనక స్కూలు గంట వినిపించింది.

"అమ్మ అమ్మిందా?"

"మూడు వేలిచ్చాను."

"నాన్న పోయారని సాయం ఇచ్చారనుకుంది అంకుల్."

అప్పుడు చెప్పాను. మీ అమ్మ నాతో 'ధరంతు' అంది. మా తెలుగులో ధర అంటే వెల. వెల చెప్పమంటోంది అనుకుని చెప్పి, డబ్బు చేతిలో పెట్టాను. మీ భాషలో అది పట్టుకోమనడం. నా తప్పా, ఆవిడ తప్పా? రెండు భాషల మధ్య జరిగిన పొరపాటు.

"సరే అంకుల్. పొరపాటే అయుంటుంది" అంది స్మిత. అక్టోబర్‌లో చర్చిలో మాస్టరు స్మరణ సభ ఉందట. ఆయన నేర్పిన పిల్లలు పాడతారట. దానికి గిటారు కావాలట.

చూద్దాం అన్నాను.

ఆగస్టు 22

పద్మకుమారికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ధరంతు అంటే వెల అనుకున్నారేటి? మీరే?"

"తొందరలో అలా వినపడింది."

"ఈ రాయగడలో పుట్టేరు. ఒడియా మీడియంలో సదివేరు. మున్సిపాలిటీలో ఇరవయ్యారేళ్లుగా ఒడియాలో ఫైళ్లు రాస్తన్నారు. మొన్న కలెక్టరాఫీసోలు రాసిన ఒడియా కాయితంలో మూడు తప్పులున్నాయని మీరే తిరగ్గొట్టి పంపేరు. వాలుకే ఒడియా నేర్పే మనిషికి, బస్సెక్కేటప్పుడు కండక్టరు రోజుకి నూరుసార్లనే ముక్క తెలీదేటి?"

మాతృభాష మెదడులో లోతుగా ఉంటుందని, హఠాత్తుగా విన్నప్పుడు ముందు అదే పలుకుతుందని, దీనిమీద పరిశోధనలున్నాయని చెప్పాను. ఆవిడ పప్పు దించుతూ వింది.

"అమ్మతల్లీ, అంత పెద్ద మాటలొచ్చేయంటే ఏదో సేసే ఉంటారు" అంది.

రాత్రి బీపీ చూస్తే మళ్లీ నూట యాభై ఎనిమిది.

ఆగస్టు 25

గిటారు ఎవరిది? ఈ ప్రశ్నను సూటిగా అడగాలి. వారసుడిదా, వాయించేవాడిదా? ఏడాదికోసారి పూలదండ పక్కన నిలబెట్టేవాళ్లదా, రోజూ గంటసేపు దానితో బతికేవాడిదా? భూమి గురించి ముప్పయ్యేళ్లుగా నేను రాస్తున్నది ఇదే. జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో నేను నేర్చుకున్న గిటారు ఎవరిదో ఎవరికీ తెలీదు. మిల్లు షిఫ్టు దిగినవాడి చెయ్యి ఖాళీగా ఉంటే వాడిది. అలాంటి కాలం నుంచి వచ్చినవాణ్ణి. ఆ ఏడు పాటల్లో మాటలు నావి, కాబట్టి ఆ పాటలు పలికిన చెక్కలో నాకూ వాటా ఉంది. మాస్టరు బతికుంటే తానే ఇచ్చేవాడు. ఇవ్వకపోయినా అడిగేవాణ్ణి.

పైన రాసింది మళ్లీ చదివాను. ఎక్కడా తప్పు లేదు. పాడుకోవడానికి మాత్రం పనికిరాదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇది వచ్చాక ఇంట్లో నేను అరవలేదు. పదవి పోయాక నెలన్నరపాటు సందులో పాలవాడితో కూడా తగువుపడ్డాను. సాయంత్రం ఆరయితే చేతికేదైనా కావాలి. లేకపోతే నోరు పనిచేస్తుంది. అది ఎవరిని కొరుకుతుందో నాకు తెలుసు. వంటింట్లో ఉండే మనిషిని. ఈ గిటారు వెళ్లిపోతే ఏమవుతుందో స్మితకి ఎలా చెప్పను? షాపులో కొత్తది కొనుక్కో అంటుంది. ప్రయత్నించాను. కొత్తవి నా కోపాన్ని వినవు. ఇది వింటుంది.

సెప్టెంబర్ 1, ఆదివారం

స్మిత ఫోను. ఈసారి గిటారు వెనక్కి ఇమ్మని అడగలేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"అంకుల్, ఒక్క మాట. దాని బిరడాలు మాత్రం తిప్పకండి. తీగలు మార్చకండి."

"ఎందుకు?"

"నాన్నకి ఆరేళ్లుగా వేళ్లు వంగేవి కావు. కీళ్లవాతం. అందుకని తీగల్ని తనకు కావలసినట్టు శ్రుతి చేసుకున్నారు, ఒక్క వేలు అడ్డంగా పెడితే చాలేటట్టు. ఎక్కడా లేని వరస అది. దాని కోసం మూడో తీగ కూడా వేరే ఏదో వేశారు. పిల్లలకి ఆ శ్రుతిలోనే నేర్పారు. అలా శ్రుతి పెట్టడం మాకెవరికీ రాదు. రాసి పెట్టమంటే, చచ్చిపోతానా ఏంటి అనేవారు. గిటారు మీ దగ్గర్నుంచి వచ్చాక ఒక్కో తీగా రికార్డు చేసుకుంటాను. జాగ్రత్తగా ఉంది కదా?"

"ఉంది" అన్నాను.

"థ్యాంక్యూ అంకుల్."

సెప్టెంబర్ 2

జులై 28 పేజీ తీసి చూశాను. 'తీగలన్నీ తప్పు' అని రాశాను. ఎంత తప్పో రాయలేదు. ఎంత అన్నది రాసుంటే ఇవాళ పనికొచ్చేది.

సెప్టెంబర్ 5

స్మిత వాట్సాప్‌లో రెండు వీడియోలు పంపింది, మాస్టరు ఎలా వాయించేవారో చూడండని. నలభై మంది పిల్లలు, డోలు, చర్చి రేకుల కప్పు మీద వాన. గిటారు కనిపిస్తుంది, వినిపించదు. మాస్టరు ఎడమచెయ్యి దాదాపు కదలదు. చూపుడువేలు ఒక్కటే పైకీ కిందకీ జరుగుతుంది. ఆయన మొహంలో నొప్పి లేదు.

చెవి పోయిందని రాశాను నేను. పోయింది వేళ్లు.

యూట్యూబులో ఉన్న శ్రుతి వరసలన్నీ పెట్టి చూశాను. వీడియో పక్కన పెట్టి వాయిస్తే పిల్లల పాటతో ఏదీ కలవదు. ఒక తీగ తెగింది, కొత్తది వేశాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

అప్పలనరసింహం ఇంటికి నేనే వెళ్లాను. మూడు నెలల్లో మొదటిసారి. జులై చివర్లో మా సందులో ఎత్తిన చెత్త ఎక్కడ పోశారని అడిగాను. పాత తీగలు, ముఖ్యంగా ఆ మూడోది, దొరికితే మందమైనా తెలుస్తుందని.

వాడు కొంచెంసేపు నా మొహం చూశాడు.

"జులైలో పారీసిన తీగ ఇప్పుడు కావాలేటి? దాని మీద ఊరంతా సెత్త పోసేం కదన్నా. వానలకి గుట్ట సగం జారిపోయింది. ఎతుకుతానంటే గమ్ బూట్లు ఇస్తాను. మావే సిరిగిపోయేయి, అదీ అర్జీలో ఏదో రాసేవు నువ్వు."

"పాదరక్షణ ఉపకరణాలు."

"అవే. రానేదు."

తర్వాత ఏమైందని అడిగాడు. చెప్పాను. తీగలు మార్చిన సంగతి చెప్పాను గానీ, తెచ్చిన సంగతి పొరపాటు అనే చెప్పాను. వాళ్లావిడ టీ తెచ్చింది. అప్పలనరసింహం గ్లాసు నా చేతికిస్తూ, "ఎల్లి ఇచ్చీ అన్నా. బాగుసేసి ఇద్దామనుకోకు. నువ్వు బాగుసేసేకొద్దీ అది ఇంకోటైపోతాది" అన్నాడు.

వీడు నన్ను ఓడించడానికి చెయ్యెత్తాడని ఇన్నాళ్లూ అనుకున్నాను.

సెప్టెంబర్ 12

పద్మకుమారితో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు మాస్టరమ్మ స్టూలెక్కింది. బీరువా మీద నుంచి గిటారు తీసి, కింద నిలబడ్డ నాకు అందిస్తూ 'టికే ధరంతు' అంది. కాస్త పట్టుకోండి. ఆ మాట నా చెవికి ఒక్క క్షణం కూడా వెలగా వినపడలేదు. పట్టుకున్నాను. దిగి, కొంగుతో దుమ్ము తుడిచి, "మీ పాటలు కూడా దీని మీదే కదా బాబూ" అంది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది.

నేను వాయించాను. తప్పు శ్రుతే. ఆ తప్పు శ్రుతిలోనే, జూన్ మీటింగు తర్వాత మొదటిసారి నా దవడలు వదులయ్యాయి. ఇది కావాలనుకున్నాను. అడిగితే ఇవ్వదని తెలుసు. అందుకే అడగలేదు.

డబ్బు బల్ల మీద పెట్టి వెళ్తే దొంగతనంలా ఉంటుందని వంటింట్లోకి వెళ్లి చేతిలో పెట్టాను. చెయ్యి తడిగా ఉంది. "ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి" అంది. వెల పుచ్చుకున్నవాళ్లు అలా అనరు. గిటారు భుజాన వేసుకుని గేటు దాటాను. "బాబూ, టీ" అని గుమ్మంలోంచి పిలిచింది. వినపడింది. బస్సుకి వేళైనట్టు నడిచాను. బస్సుకి ఇంకా గంట ఉంది.

పొరపాటు అన్న మాట ఆగస్టు 20న, స్మిత ఫోనులో ఉండగా పుట్టింది. దానికి ముందు లేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

పద్మకుమారి కూడా వస్తానంది. వద్దన్నాను. "ఎల్లి ఒక్క ముక్కలో సెప్పండి. ఉపన్యాసం ఇచ్చేరంటే ఆల్లు భయపడి టీ ఇస్తారు" అంది.

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను.

కోరాపుట్‌లో చర్చి ప్రార్థన అయ్యాక వాళ్లింటికెళ్లాను. స్మిత గిటారు చేతిలోకి తీసుకుంది, ఆరు తీగలూ ఒక్కసారి మీటింది. మళ్లీ మీటింది. తర్వాత తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపేసింది. నన్ను చూడలేదు.

"ఎలాగుందో అలాగే ఉందా?" అంది మాస్టరమ్మ.

స్మిత జవాబు నాకు వదిలేసింది. ముప్పయ్యేళ్లుగా అన్నిటికీ జవాబు చెప్పినవాణ్ణి.

"లేదమ్మా. శ్రుతి మార్చేశాను. తప్పనుకున్నాను. తీగలు పారేశాను." అక్కడితో ఆగొచ్చు. "మీరు పట్టుకోమన్నారని నాకు అర్థమైంది. వెల అని వినపడలేదు. కావాలనే తీసుకెళ్లాను."

స్మిత తలెత్తింది. "మరి మీరు ఫోనులో చెప్పింది..."

"అబద్ధం."

మాస్టరమ్మ నావైపు తిరిగింది. "మరి ఆ డబ్బు?" అంది. "దాంతో ఆయన సమాధి మీద సిలువ పోయించాను. తెలుగు శంకర్‌బాబు ఇచ్చాడని పాస్టరుగారు అందరిముందూ చెప్పారు. నీ పేరున ప్రార్థన చేశాం."

మీరు నుంచి నువ్వుకి దిగింది. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, నాకోసం ప్రార్థించొద్దని మామూలుగా అయితే వాదించేవాణ్ణి. తల దించుకున్నాను.

"సిలువని ఏం చెయ్యను ఇప్పుడు? పీకేయనా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నాకు తెలీదన్నాను. ఆ మాట నా నోటితో అనడం ఎప్పుడు విన్నానో గుర్తులేదు.

స్మిత లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. సభకి మూడు వారాలుంది.

నేను కూడా లేవబోతే మాస్టరమ్మ, "కూర్చో. అక్కడ కాదు, కిటికీ పక్కన, ఆయన కూర్చునే చోట" అంది. "ఒక్కో తీగా మీటు."

"మీకు గుర్తుందా?"

"నాకు పాట రాదు. ఎదురుగా కూర్చుని ఎప్పుడూ వినలేదు. ఆరేళ్లు పొద్దున్నే వంటింట్లోంచి విన్నాను. అక్కణ్ణుంచి వింటే తెలుస్తుందేమో."

లోపలికి వెళ్లింది. స్టవ్ వెలిగించిన చప్పుడు. కుళాయి తిప్పింది. గిన్నెలు తోముతోంది. ఆ చప్పుడు మీదుగానే అరిచింది, "ఊఁ."

మీటాను.

"కాదు."

బిరడా కొంచెం తిప్పాను.

"కాదు."

"పైకా, కిందకా అమ్మా?"

"అదంతా నాకు తెలీదు. కాదు."

ఒకటో తీగకే గంట పట్టింది. ఆవిడ అన్నం వార్చింది, కూర తరిగింది. కాదు. కాదు. నేనొకసారి, ఇలా అయితే సంగీతశాస్త్రం ప్రకారం ఐదోది ఇలా ఉండాలి అని మొదలుపెట్టాను. లోపల్నుంచి గరిటె గిన్నెకేసి ఠంగున కొట్టింది. ఆగిపోయాను. మూడో తీగ వదిలేయమంది. అది ఆ తీగ కాదని దాని గొంతులోనే తెలుస్తోందట. స్మిత పెరటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. లోపలికి రాలేదు, వెళ్లిపోలేదు. ఫోను చేతిలో ఉంది. రికార్డు చేస్తోందేమో అడగలేదు.

నాలుగింటికి ఆఖరి బస్సు. మూడు దాటింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆరు తీగలూ కలిపి, చూపుడువేలు అడ్డంగా పెట్టి, మెల్లగా మీటాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కుళాయి కట్టేసింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"ఇంకోసారి."

మీటాను.

"ఇప్పుడు కొంచెం తక్కువ తప్పు" అంది. "ఇంక ముట్టుకోకు. చేతులు తీసెయ్."

తీసేశాను.